ఇప్పచెట్టు కింద ఆగిన బండి

గుట్టకింది తండా,
ములకలపల్లి మండలం.

నీడపట్టు ఇన్సూరెన్స్ కంపెనీ ఖమ్మం ఆఫీసుల పెద్ద కుర్చీల కూసున్న జయప్రకాశ్ సారుకు హేమ్లి దండాలు పెట్టి చెప్పేది.

నాకు సదువు రాదు, నోరు వస్తది. నేను చెప్తున్న, నా కోడలు సోని రాస్తున్నది. మీ ఆఫీసుకు ఫోన్ జేస్తే ఒక పిల్ల ఒకటి నొక్కమంటది, రెండు నొక్కమంటది. నొక్కుడే గని ఇనుడు లేదు. అందుకే ఉత్తరం.

నా చిన్నకొడుకు కోటేష్ కారు నడుపుతడు. ఫోన్ల యాప్ ఉంటది, అండ్ల కిరాయి వస్తే పోతడు. మొన్న ఒక మాస్టరును ఊర్ల దించి, ఇంకో కిరాయి కోసం తండా మలుపుల ఇప్పచెట్టు కింద బండి ఆపిండు. మా దిక్కు సిగ్నల్ దొరికేది ఆ ఒక్క చెట్టు కిందనే. ఇప్పపువ్వు రాలే కాలం. ఆ పువ్వంటే పడిసచ్చే ఎలుగుబంటి వచ్చింది. కోటేష్ ఉరికిండు. అది అద్దం పలగ్గొట్టి, లోపలికి దూరి, సీట్లు చీరి, దాని పని అయినంక సల్లగ పోయింది.

బండి కొత్తగూడెం షెడ్డుల పడున్నది. బండి తిరిగితేనే మా పొయ్యి మండుతది. జల్దీ బాగు చేయించు.

ఇట్లు,
హేమ్లి వేలిముద్ర.

తా.క.: నేను సోనిని. అత్తమ్మ చెప్పిన తిట్లు కొన్ని వదిలేశాను. వదిలేసినట్టు ఆమెకు తెలియనివ్వకండి.

—

నీడపట్టు ఇన్సూరెన్స్,
ఖమ్మం.

శ్రీమతి హేమ్లి గారికి నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. ప్రమాద సమయంలో మీ కుమారుని యాప్ నడుస్తున్నది. కనుక కారు సొంత పని మీద ఉన్నట్టు కాదు. సొంత కారుకు మేమిచ్చిన పాలసీ వర్తించదు. ఇక కిరాయి బీమా యాప్ కంపెనీ వారిది. అది ప్రయాణికుడు ఎక్కిన క్షణం నుంచి దిగే క్షణం వరకే. అప్పుడు కారులో ప్రయాణికుడు లేడు కనుక అదియు వర్తించదు. ప్రమాదం ఈ రెండింటి మధ్యలో జరిగినది. మధ్యలో జరిగిన దానికి పాలసీ లేదని తెలుపుటకు విచారిస్తున్నాము.

ఎల్లప్పుడూ మీ వెంటే,
జయప్రకాశ్, క్లెయిముల అధికారి.

తా.క.: తిట్లు వదిలేసినందుకు మీ కోడలు గారికి ధన్యవాదాలు.

—

గుట్టకింది తండా.

జయప్రకాశ్ సారుకు హేమ్లి చెప్పేది. ఈసారి దండాలు లెవ్వు.

సోని నీ ఉత్తరం సదివి ఆఖరి ముక్క మింగింది. నాకు అనుమానమొచ్చి అంగన్‌వాడీ టీచర్ నాగలతతోని మళ్ల సదివించిన. ఇంట్ల ఏమైందో నీకెందుకులే.

మధ్యల అంటవేంది సారూ? నా బర్రె పొద్దుగాల పాలిస్తది, మాపటికి ఇస్తది. మధ్యల అది ఎవలదైతది, నీదా? మధ్యల మేస్తేనే మాపటికి పాలు. కిరాయి కోసం ఆగుడు గూడ డ్రైవర్‌కు పనే. ఆగకుంటే ఎక్కెటోడు ఏడికెళ్లి ఎక్కుతడు?

సంతకం మీద ‘ఎల్లప్పుడూ మీ వెంటే’ అని రాసుకున్నవ్. ఆ పొద్దు చెట్టు కింద నా కొడుకు వెంట ఎవలున్నరు? ఎలుగే ఉన్నది.

ఇంకో మాట. బండి ఖాళీ లేదు. వెనక సీట్ల నా ఇప్పపువ్వు బుట్ట ఉన్నది. ఇంటికి కొంచవోయి ఆరబొయ్యమని నేనే పెట్టిన. ఇగ ఖాళీ అని ఎట్లంటవ్?

ఇట్లు,
కోపంగ హేమ్లి వేలిముద్ర.

తా.క.: ఈసారి తిట్లు వదిలేయలేదు. వెనక పేజీలో ఉన్నాయి. లంబాడీలోనివి కనుక మీకు అర్థం కావు, అదొక్కటే మీ అదృష్టం. – సోని

—

నీడపట్టు ఇన్సూరెన్స్,
ఖమ్మం.

శ్రీమతి హేమ్లి గారికి నమస్కారములు.

బుట్ట సంగతి మీరే తెలియజేసినందున కేసు మరింత క్లిష్టమైనది. మనుషులను ఎక్కించుకునే కారులో అటవీ సరుకు వేయుట సరుకు రవాణా కిందికి వచ్చును. సరుకు బండికి పాలసీ వేరు.

అయినను మా ఫారం పూర్తి కావలెను. నష్టం కలిగించిన మూడో పక్షం వారి పేరు, చిరునామా, సంతకము జతపరచగలరు.

ఎల్లప్పుడూ మీ వెంటే,
జయప్రకాశ్.

తా.క.: వెనక పేజీని మా అటెండర్ మంగీలాల్ తెలుగులోకి మార్చి చెప్పాడు. పాపం, చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు.

—

గుట్టకింది తండా.

ఒరే జయప్రకాశ్ కొడకా, హేమ్లి చెప్పేది.

ఏ మాట అడిగినా ఇంకో కంతల దూరుతవ్. మీ అమ్మ నీ సంచిల అన్నం డబ్బ పెడితే నువ్వు లారీ అయితవా?

మూడో పక్షం వివరాలు రాసుకో. పేరు: మా తండల దాని పేరు తియ్యరు, తీస్తే వస్తదంటరు. నీ కోసం ఉత్తరాలల్ల తీసిన. అప్పటి నుంచి చెట్టు కిందికి రోజూ వస్తున్నది. అడ్రస్: తండాకు ఉత్తరాన గుట్ట, రాళ్ల సందు. ఆస్తి: ఒళ్లంత బొచ్చు. సంతకం నువ్వే వచ్చి తీస్కో. పెన్ను తెచ్చుకో, దాని కాడ ఉండదు.

అవ్, నిజంగనే రా. కండ్లతోని చూడు. షెడ్డోడు బండిని బయట పెడతనంటున్నడు. నా కొడుకు మంచంల మొహం అటు తిప్పి పంటున్నడు. తిట్టినా లేస్తలేడు. నేను తిట్టినా లేవనోడు వాడు కాదు కొడకా.

ఇట్లు,
నీ రాక కోసం హేమ్లి.

తా.క.: తప్పక రండి. మీకు పెట్టడానికి అత్తమ్మ ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నది. మమ్మల్ని ముట్టనివ్వడం లేదు. – సోని

—

ఖమ్మం.
(ఆఫీసు కాగితం కాదు, నా సొంత కాగితం.)

అమ్మా, జయప్రకాశ్ నమస్కరించి వ్రాయునది.

ఆ రోజు తనిఖీకి వచ్చి, మీ ఇంటి నుంచి బయలుదేరాక ఏం జరిగిందో మీకు చెప్పలేదు. షెడ్డులో తీసిన ఫోటోలు హెడ్డాఫీసుకు పంపాలి. సిగ్నల్ లేదు. ఇప్పచెట్టు కింద నా కారు ఆపి, దిగి, ఫోన్ పైకెత్తి నిలబడ్డాను. మీరిచ్చిన లడ్డూల మూట వెనక సీట్లో ఉంది. అద్దాలు దించే ఉన్నాయి.

మూడో పక్షం వారు వచ్చారు. నేను కల్వర్టు గోడ ఎక్కాను. వారు లడ్డూలు తిని, నా సీట్లు చీరి వెళ్లారు. పెన్ను జేబులోనే ఉంది గానీ సంతకం అడిగే ధైర్యం చాలలేదు.

మర్నాడు హెడ్డాఫీసుకు నా క్లెయిమ్ పెట్టుకున్నాను. జవాబు వచ్చింది. ఆఫీసు పని మీద వాడాను కనుక సొంత పాలసీ వర్తించదట. తనిఖీ అయిపోయింది కనుక ఆఫీసు పనిలో ఉన్నట్టు కాదట. ఆఫీసుకు చేరలేదు కనుక ఆఫీసులో ఉన్నట్టూ కాదట. నేను మధ్యలో ఉన్నానట. పైగా లడ్డూలు సరుకట. కింద ‘ఎల్లప్పుడూ మీ వెంటే’ అని ఉంది. ఆ ముక్క చదివినప్పుడు నాకూ మీ వెనక పేజీ గుర్తుకొచ్చింది.

కోటేష్ క్లెయిమ్ నా చేతిలోనిదే. ‘కిరాయి కోసం ఆగడం కూడా పనే, ఎల్లప్పుడూ అని కంపెనీయే మాటిచ్చింది’ అని ఫైలులో రాసి, నిన్న సంతకం పెట్టాను. బర్రె సంగతి కూడా రాశాను. షెడ్డుకు కబురు వెళ్లింది. అతన్ని మంచం మీద నుంచి లేపండి.

నా క్లెయిమ్ మాత్రం నా చేతిలో లేదు. హెడ్డాఫీసుకు నా తరఫున మీరే ఒక ఉత్తరం చెప్పి రాయించాలి. తిట్లు ఒక్కటి కూడా వదలవద్దని సోనికి చెప్పండి. అక్కడ మంగీలాల్ లాంటి వాళ్లు లేరు, కనుక తెలుగులోనే ఉండాలి.

ఇట్లు,
మధ్యలో ఉన్న మీ కొడుకు,
జయప్రకాశ్.

తా.క.: నా కారూ ఇప్పుడు అదే షెడ్డులో ఉంది. కోటేష్ బండి బాగై వచ్చాక నన్ను అక్కడికి తీసుకెళ్లమనండి. యాప్ వేసుకొని రావాలా, ఆపుకొని రావాలా అన్నది మా నిబంధనలన్నీ తిరగేసినా తేలలేదు. మీరే ఏదో ఒకటి చెప్పండి.