బాదం సెట్టు కింద పడుకోకు

డాడీ,

నాను కాలేజీకెళ్తన్నాను. అన్నం, సేపల పులుసు పొయ్యి మీదే ఉన్నాయి. టైముకి తిను.

తిన్నాక బాదం సెట్టు కింద మాత్రం పడుకోకు. పొద్దున్న ఊడుస్తంటే సెట్టు మొదలు దగ్గర పుట్టగొడుగులు కనిపించాయి. తొర్రలో నువ్వు నింపిన సిమెంటు పక్కన స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. పైకి పచ్చగానే ఉందిగానీ, సిమెంటు ఎనకాల నీరు దిగి లోపలంతా కుళ్లిపోయింది. ఒరిగిందంటే పక్కింటి చిట్టెమ్మ గారి రేకుల మీదే పడతాది. అల్పపీడనం అని టీవీలో సెప్తానే ఉన్నారు.

నీ మడత మంచం నా గదిలో పెట్టి తాళమేసాను. ఎతక్కు.

సాయంత్రం కంచరపాలెం నుంచి సెట్లు కొట్టే వీర్రాజు గారొస్తారు. పోయినసారిలాగ గేటు దగ్గర్నుంచే పంపేయకు. నాను మళ్లీ బతిమాలి పిలిచాను. టీ ఇయ్యి, సెట్టు సూపించు. కోపమంతా రాత్రికి నా మీద సూపిద్దువుగాని.

కేథరిన్

"హుద్‌హుద్‌ తుపానుకే పడలేదు, ఇప్పుడేటవుద్ది" అంటావని తెలుసు. ఆ రోజు గాలి తగ్గీదాకా వీధి తలుపు ఊడిపోకండా వీపు ఆనించి నిలబడ్డావు నువ్వు. ఇప్పుడు కుర్చీలోంచి లెగాలంటే నా భుజం పట్టుకుంటన్నావు. ఆ సెట్టుకి పట్టుకోడానికి ఎవులున్నారు డాడీ?