సుజాత చెప్పిన తప్పుడు కబురు

గురువారం, మిర్యాలగూడ

చివరి రోజు సూర్యాపేట దవాఖానలో నా భార్య సుజాత సగం ఇడ్లీ తిన్నది. మధ్యాహ్నం పక్క మంచం లక్ష్మితో మాట్లాడింది. ఇద్దరిదీ ఒకటే జబ్బు. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లను ఒళ్లే చంపేసుకుంటుంది. సాయంత్రం మెదడులో రక్తస్రావమై సుజాత పోయింది.

"నా ఒళ్లు నన్నే సంపటమేంది టీచరమ్మా?" అని ఆ మధ్యాహ్నం లక్ష్మి అడిగింది.

"కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటయి. వాటినే సైటోకైన్లు అంటరు. దొంగ పడ్డడని తప్పుడు కబురు పోతది, కాపలోళ్లు ఇంటోళ్లనే కొడతరు. గోలీలు ఆ కబుర్లను తగ్గిస్తయి. డాక్టరు చెప్పకుండ ఆపినవో, నేనొచ్చి కొడత."

లక్ష్మి నవ్వింది. రిపోర్టులన్నీ చదివిన నేను అంత తేటగా చెప్పలేను. ఒళ్లంతా ఎర్ర మచ్చలతో సుజాత చెప్పింది.

ఇవాళ కోదాడ నుంచి లక్ష్మి ఫోన్ చేసింది. గోలీలు మానేసిందట. "వేసుకున్న టీచరమ్మే పోయింది కద సార్, నాకెందుకింక?"

సుజాతకు ఆ మందు ఎందుకు చాలలేదో డాక్టరుకే తెలియదు...

రేపు పొద్దున మొదటి బస్సుకు కోదాడ వెళ్లి, లక్ష్మిని సూర్యాపేట డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను.