చేతికి లేని వాచీ

పీటర్‌హెడ్,
14 నవంబరు 1983, సోమవారం

అత్తయ్యగారికి,

మీ కోడలు ఎల్స్‌పెత్ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నేనూ షీనా తింటున్నాం, తిరుగుతున్నాం, ఒంట్లో జబ్బులేమీ లేవు. లూయిస్ దీవిలో మీరూ, మరిది డోనల్ ఇంట్లోవాళ్ళూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఈ ఉత్తరం శనివారం గనక చేరితే దేవుడి రోజని మీరు ఆదివారం ఎలాగూ విప్పరు. సోమవారం నింపాదిగా టీ పెట్టుకుని కూర్చుని విప్పండి. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. మీరు పంపిన మేజోళ్ళు షీనాకు సరిపోయాయి. మడమ దగ్గర కాస్త వదులు, అయినా బడికి రోజూ అవే. బార్లీ సూపు కాస్తున్నాను. మీ చేతి రుచి రాదు, ఆ సంగతి మీ మనవరాలు గిన్నె ముందు కూర్చున్నప్పుడల్లా నాకు గుర్తుచేస్తుంది. మీకు దగ్గు అని డోనల్ రాస్తేగాని నాకు తెలియలేదు. మీరు గొర్రెల దగ్గు గురించి రెండు పేజీలు రాస్తారు, మీ దగ్గు గురించి ఒక్క ముక్క రాయరు. స్టోర్నోవే వెళ్ళి డాక్టరుకు చూపించుకోండి. ఫిన్లే సమాధి రాయి మీద చెక్కించడానికి మీరు పంపిన మాటలు బాగున్నాయి. ‘భర్త’ కంటే ముందు ‘కొడుకు’ అని ఉంది. అలాగే ఉండనివ్వండి, నాకేమీ అభ్యంతరం లేదు.

ఇక వాచీ సంగతి. మీరు మూడు ఉత్తరాల్లో రెండే మాటలు రాశారు. ‘అమ్మాయీ, నా కొడుకు ఒంటిమీది వస్తువు పరాయివాడి చేతికి పోకూడదు, అమ్మొద్దు’ అన్నది ఒకటి. ‘నీళ్ళలోంచి తీసినప్పుడు వాచీ వాడి చేతికి ఎందుకు లేదు?’ అన్నది రెండోది. మొదటిదానికి రెండుసార్లు ‘ఆలోచిస్తున్నాను’ అని రాసి తప్పించుకున్నాను. రెండోదాన్ని చదవనట్టే నటించాను. ఈసారి రెండింటికీ చెబుతాను. కొంచెం ఓపిక పట్టండి, నేరుగా చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

ఆ వాచీ కొన్న కొత్తలో ఫిన్లే మీకు చూపిస్తే, ‘టైము తెలియడానికి ఇంత డబ్బా? ఆకలేస్తే తెలియదా?’ అన్నారట. తను ఆ మాట చెప్పుకుని ఏడాదిపాటు నవ్వాడు. కానీ అత్తయ్యా, సముద్రం అడుగున చమురు పనులు చేసే ఇక్కడి డైవర్లకు అది టైము చూసుకునే వస్తువు కాదు. మొదటిసారి, ఓడ మీద డైవర్లను మూసి ఉంచే ఇనుప గదిలో ఇరవై ఎనిమిది రోజులు ఉండి వచ్చినవాడు ఇంటికి రాకముందే అబర్డీన్‌లో దిగి ఆ వాచీ కొనుక్కోవాలి. ఎవరూ రాసిపెట్టిన రూలు కాదు. వాచీ లేకుండా హార్బరు పక్క పబ్బులో అడుగుపెడితే, ‘ఏరా, నీళ్ళంటే భయమా, పెళ్ళామంటే భయమా?’ అని ఏడిపిస్తారు. ఫిన్లే కొనుక్కుని వచ్చిన రోజున అందరూ చూడాలని చొక్కా చేతులు మోచేతిదాకా మడిచాడు. బయట మంచు పడుతోంది.

తనకంటే నాకే మురిపెం ఎక్కువ. మా అమ్మ హెర్రింగు చేపల పొట్టలు కోసి మమ్మల్ని పెంచింది. బడిలో నా పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు, కంపు అనేవారు. అలాంటిదాన్ని డాన్సుకు వెళితే, బ్యాంకు మేనేజరు భార్య మా ఆయన చెయ్యి పట్టుకుని వాచీ తిప్పి చూసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది మీకు చిన్న బుద్ధిగా కనిపిస్తుంది. చిన్న బుద్ధే.

ఫిన్లే పోయాక, మే నెలలో ఆ వాచీ ఒక మేజోడులో చుట్టి నా చేతికి వచ్చింది, అద్దం ఊడి, విడిగా ఒక కవరులో. అద్దం ఎలా ఊడిందో మీకు రాయలేదు. ఆ గదిలో సముద్రం అడుగున ఉండేంత ఒత్తిడి పెడతారు, హీలియం అనే వాయువు నింపుతారు. మనుషుల గొంతులు బాతుల అరుపుల్లా మారిపోతాయి. ఆ వాయువు రోజుల తరబడి వాచీ లోపలికి కూడా చేరుతుంది. బయటికి పంపేముందు వాచీ పక్కనున్న బుడిపెను తిప్పి వదులు చేయాలి, లేకపోతే లోపలి వాయువు అద్దాన్ని ఎగరగొడుతుంది. మొదటి ట్రిప్పుకు వచ్చినవాడికి కూడా తెలిసిన సంగతి. ఫిన్లే వస్తువుల్ని చిన్న తలుపులోంచి బయటికి పంపింది టోర్కిల్. పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్నవాడు బుడిపె తిప్పడం మర్చిపోయాడు. టోర్కిల్ మీకు గుర్తుండే ఉంటాడు, మీ దీవిలోనే నెస్ వైపు మనిషి, సమాధి దగ్గర డోనల్ పక్కన నిలబడి శవపేటిక దించే తాడు పట్టుకున్నాడు. ఫిన్లే పోయిన రోజు నీళ్ళలోకి దించిన ఇనుప గోళంలో కూర్చుని ఫిన్లే ఊపిరి గొట్టం పట్టుకున్నదీ అతనే. గొట్టం అడుగునున్న ఇనుప దూలానికి చుట్టుకుంటే లాగి లాగి చివరికి ఫిన్లేను లోపలికి తెచ్చిందీ అతనే.

అద్దం వేయించాను. వేయించాక ఇంకో బాధ మొదలైంది. అది చేతికి ఉంటేనే నడిచే రకం, కదలిక లేకపోతే ఒకటిన్నర రోజులో ఆగిపోతుంది. ఈ సంగతి షీనాకు ఎవరు చెప్పారో తెలియదు. పొద్దున లేవగానే సొరుగు తీసి దాన్ని పట్టుకుని ఊపడం మొదలుపెట్టింది. బడి నుంచి వచ్చి మళ్ళీ ఊపుతుంది. సెప్టెంబరులో జ్వరం వచ్చి రెండు రోజులు మంచం మీద ఉంది. లేచేసరికి వాచీ ఆగిపోయింది. ‘నాన్న వాచీ నా వల్ల ఆగిపోయింది’ అని ఏడుస్తూ ఆ పూట అన్నం ముట్టలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల అలా ఏడుస్తుంటే ఆ వస్తువు ఇంట్లో ఉండకూడదని నాకు మొదటిసారి గట్టిగా అనిపించింది.

అబర్డీన్‌లో ఒక పాత వాచీల కొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టతను భూతద్దం పెట్టి చూసి, ‘అద్దం కొత్తది. డైవర్‌ది కదూ? మనిషి ఉన్నాడా, పోయాడా?’ అన్నాడు. పోయాడన్నాను.

‘అయితే ఒక కాగితం మీద వివరాలన్నీ రాసివ్వండమ్మా. ఏ ఊరు, ఎలా పోయాడు, ఎంత లోతు. కథ ఉంటే ధర పెరుగుతుంది. పోయినవాళ్ళ వాచీలకు గిరాకీ ఎక్కువ.’

‘ఏడిస్తే ఇంకా పెరుగుతుందా?’ అన్నాను.

అతను నిజంగానే ఆలోచించాడు అత్తయ్యా. వాచీ లాక్కుని బస్సెక్కాను. మీ మాటే నిజం, పరాయివాళ్ళకు ఇవ్వకూడదు అనుకున్నాను. ఇంటికి రాగానే షీనా సొరుగు తీసి చూసి, వాచీ లేదని కేకలు పెట్టింది. సంచిలోంచి తీసి ఇస్తే నిలబడినచోటే ఊపడం మొదలుపెట్టింది. మళ్ళీ మనసు మారింది.

అందుకే పోయిన నెల టోర్కిల్‌ను ఇంటికి పిలిచాను. డైవర్లలోనే ఎవరికైనా, మనకు తెలిసిన చేతికే ఇప్పించమని అడుగుదామని నా ఆలోచన. అతను టీ తాగలేదు, కోటు విప్పలేదు. బల్ల మీద వాచీ పెడితే దానివైపు చూడనేలేదు.

‘వదినా, నువ్వు దీన్ని అమ్మలేవు.’

‘మా అత్తయ్య గానీ నీకు ఉత్తరం రాసిందా ఏమిటి?’ అన్నాను.

‘అది కాదు. వాడు దీన్ని ఎప్పుడో అమ్మేశాడు. నాకే. ట్రిప్పులో పదకొండో రోజు పొద్దున, ఆ గదిలో, చెయ్యి కలిపాం.’

నాకు అర్థం కాలేదు. అతనే చెప్పుకొచ్చాడు. టోర్కిల్ పాత వాచీ పోయిన ఏడాది సముద్రంలో పడిపోయింది. ఫిన్లే తన వాచీ విప్పి అతని మంచం మీద పెట్టి, ‘తొమ్మిది వందల పౌండ్లు, బయటికొచ్చాక ఇద్దువుగాని. నాకు ఇదే ఆఖరి ట్రిప్పు. మా డోనల్ పడవలో సగం వాటా తీసుకుని ఇంటికి పోతున్నా’ అన్నాడట. ‘ఎల్స్‌పెత్ ఒప్పుకుందా?’ అని టోర్కిల్ అడిగితే, ‘దానికి నేను చెప్పుకుంటా. తిడుతుంది, తిట్టనీ. దానికి కోపం నా మీద కాదురా, ఆ చేపల కంపు మళ్ళీ అంటుకుంటుందని భయం. మెల్లగా పోతుందిలే’ అన్నాడట.

ఆ మర్నాడే తను పోయాడు. అమ్మేసిన వస్తువు కాబట్టి చేతికి పెట్టుకోలేదు. మీరు మూడుసార్లు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదీ అత్తయ్యా. మీ కొడుకు మీ దగ్గరికి రావడానికి దాన్ని విప్పేశాడు.

‘ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?’ అని టోర్కిల్‌ను అడిగాను.

‘డబ్బివ్వని వస్తువు నాదని ఎలా అనను? డబ్బిచ్చి పోయినవాడి వాచీ ఎలా పట్టుకుపోను? నీకు పంపేద్దామనుకున్నా. దానివైపు చూడలేక బుడిపె కూడా తిప్పలేదు’ అన్నాడు. 

ఉత్తరం ఇక్కడే ముగించవచ్చు. ముగిస్తే మీ దృష్టిలో నేను మంచి కోడలిగానే మిగిలిపోతాను. కానీ వెళ్ళేముందు టోర్కిల్‌ను ఒక మాట అడిగాను. ‘మార్చిలో నేను తనతో అన్న మాట నీకు చెప్పాడా?’ అని. ‘ఏ మాట?’ అన్నాడు. చెప్పలేదన్నమాట. అంటే ఆ మాట తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆ బరువు ఒంటరిగా మోయలేక మీకు రాస్తున్నాను. మిమ్మల్ని బాధపెట్టి నేను తేలికపడాలని చూస్తున్నానేమో కూడా, నాకు తెలియదు.

మార్చిలో ఒకరోజు మధ్యాహ్నం, గిన్నెలు కడిగాక, ఫిన్లే వాచీ విప్పి టీ కెటిల్ పక్కన పెట్టాడు. ‘దీన్ని అమ్మేస్తాను ఎల్స్‌పెత్. డోనల్ సగం వాటా ఇస్తానంటున్నాడు. ఏప్రిల్ ట్రిప్పు మానేస్తా. ఇంటికి పోదాం’ అన్నాడు.

‘ఏ ఇంటికి? మీ అమ్మ ఇంటికా? ఆదివారం బట్టలారేస్తే దేవుడు అలిగే ఇంటికా?’ అన్నాను.

‘అక్కడ నేను నిద్రపోగలను. ఇక్కడ నాకు నిద్ర లేదు. నీళ్ళ కింద భయమేస్తోంది’ అన్నాడు. ఆ మాట అంతకుముందు ఎన్నడూ అనలేదు.

నాకు అప్పుడు మీరు గుర్తొచ్చారు. నా పెళ్ళిలో మీరు నా చేతుల వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. మా అమ్మ కత్తి గుర్తొచ్చింది. పీతల బుట్టలు లాగుతూ, మళ్ళీ ఆ వాసనతో, మీ వంటింట్లో మీ మాట వింటూ బతకాలా అనిపించింది. వాచీ తీసి తన చేతికి నేనే పెట్టాను. పెడుతూ, ‘ఒక్క ట్రిప్పు వెళ్ళిరా. ఒక్కసారికే ఏం చచ్చిపోవులే’ అన్నాను.

అన్నాను అత్తయ్యా. నవ్వుతూ అన్నాను. అందరూ అనే మాటే, అలా అన్న ప్రతి ఇంట్లోనూ మనిషి చావడు. తను పట్టీ సరిచేసుకుని వెళ్ళి షీనా సైకిలు గొలుసు బాగుచేశాడు. నేను ఒప్పుకుని ఉంటే ఏప్రిల్లో మీ ఇంట్లో ఉండేవాడు. మీ కొడుకును సముద్రం తీసుకుందని ఊరంతా అంటోంది. పంపింది నేను.

శుక్రవారం టోర్కిల్ డబ్బు తీసుకుని మళ్ళీ వచ్చాడు. వాచీ ఇచ్చేస్తున్నానని ఆ పొద్దునే షీనాకు చెప్పాను. అప్పటినుంచి నాతో మాట్లాడటం మానేసింది, ఈ ఉత్తరం రాస్తున్నప్పటికి నాలుగో రోజు. మీరు వద్దన్నది నేను చేశాను, అదీ మీకు తెలియాలి. తొమ్మిది వందల పౌండ్లూ ఈ ఉత్తరంతో మనియార్డరుగా పంపుతున్నాను. డోనల్ ఆ సగం వాటా వేసవిలోనే వేరేవాళ్ళకు ఇచ్చేశాడని మీరు రాశారు, కాబట్టి పడవకు ఇవి పనికిరావు. అయినా మీ కొడుకు మీ గుమ్మంలోకి తెద్దామనుకున్న డబ్బు ఇది. నా దగ్గర ఉండకూడదు. వద్దనుకుంటే తిప్పి పంపకండి, చర్చిలో ఇచ్చేయండి.

టోర్కిల్ వాచీ తీసుకోవడానికి చెయ్యి చాచలేకపోయాడు. ‘నువ్వు నోటితో చెప్పు వదినా, లేకపోతే నేను తీసుకోను’ అన్నాడు. నేనే అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశాను. ‘సరే. అమ్మేశాం’ అన్నాను. మార్చిలో తను అడిగిన ఆ మాట నా నోట్లోంచి అంత సులువుగా వచ్చింది అత్తయ్యా. ఒక్క క్షణం పట్టలేదు.

ఇట్లు,
మీరు కాదనేదాకా మీ కోడలు,
ఎల్స్‌పెత్