చీర కడితే పోలీసులొస్తారన్న మాట

ఎడిసన్, 1986

అత్తా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ కూతుర్ని, అదే నా పెళ్లాన్ని, డాక్టర్‌కి చూపించాను. దానికీ ఎముకలు పల్చబడుతున్నాయట. "పాలు తాగాలి, ఎండలో కూర్చోవాలి. విటమిన్ డి తక్కువైతే తుంటి విరగడం తేలిక" అన్నాడు.

నువ్వీ అమెరికాకొచ్చిన కొత్తలో ఇంటి వెనక చెక్కల డెక్ మీద వడియాలు పెడుతుంటే, "అత్తా, ఇక్కడ చీర కట్టుకుని ఎండలో కూర్చుంటే పోలీసులు పట్టుకుపోతారు" అన్నది నేనే కదా. "అఘోరించారు! చీర కడితే నేరమట్రా వీళ్లకి?" అని తిట్టి లోపలికొచ్చేశావు. మూడేళ్లు గడప దాటలేదు. చివరికి కుర్చీలోంచి లేస్తూ పడి తుంటి విరగ్గొట్టుకున్నావు. మళ్లీ లేవలేదు.

డాక్టర్‌ని పక్కకి లాగి, "నా వేళాకోళం వల్లేనా?" అని అడిగాను. "వయసు కూడా ఉంది కదా, ఇదీ అని చెప్పలేం" అన్నాడు. వాడి చదువు తగలెయ్య!

కారులో నీ కూతురు, "అమ్మ ఎండలోకి ఎందుకెళ్లేది కాదు బావా?" అంది. చలికి భయపడేదన్నాను. నిజం చెప్పాలో వద్దో తెలియడం లేదు.

చిన్నప్పట్నుంచీ నా మాట ఒక్కటీ నమ్మలేదు నువ్వు. అదొక్కటీ ఎందుకు నమ్మావత్తా?