బజ్జీల బండి తీసేయమన్న ఉత్తర్వుపై పదో తరగతి పిల్లల అసలు అభిప్రాయం

మండల విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
ఎర్రగేరి ఉన్నత పాఠశాల పదో తరగతి విద్యార్థిని క్రిస్టినా రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: విద్యార్థులలో స్థూలకాయమునకు కారణములపై ఇదివరకు మేము పంపిన అభిప్రాయములు మావి కావనియు, వాటిని నమ్మి మా అమ్మ బజ్జీల బండిని తీసివేయించవద్దనియు.

పిల్లలు ఎందుకు లావవుతున్నారో పిల్లలనే అడిగి పంపమని పోయిన నెల తమ కార్యాలయం నుండి కాగితం వచ్చినది. మమ్మల్ని ఒకరు అడగడం అదే మొదలు కాబట్టి చాలా సంబరపడ్డాము. ఆ సంబరం ఎట్లు ముగిసినదో ఈ క్రింద మనవి చేసుకొనుచున్నాను.

1. జీవశాస్త్రం వీరభద్ర సారు తరగతికి వచ్చి, "ఎవరి అభిప్రాయం వాళ్లే రాయాల. పక్కోళ్లది సూస్తే తోలు తీస్తా. బోర్డు మీద రాసినాను, సూసి దించుకోండి" అన్నారు. మా బడిలో ఏ అభిప్రాయమైనా ఈ పద్ధతిలోనే ఏర్పడును. "గేటు ముందర అమ్మే నూనె పదార్థములే స్థూలకాయమునకు ఏకైక కారణము" అని అందరమూ రాసితిమి. 'ఏకైక' కింద గీత కూడా గీసితిమి. గాలి గట్టిగా వీస్తే బెంచీ పట్టుకొని కూర్చునే కంబన్న కూడా తాను బజ్జీలు తిని లావైనట్లు ఒప్పుకొన్నాడు. గేటు ముందర ఉన్నది ఒక్కటే బండి, అది మా అమ్మ జ్ఞానమణిది. రాసేటప్పుడు నాకు ఆ సంగతి తట్టలేదు. బోర్డు చూసి దించేటప్పుడు ఎవరికీ ఏదీ తట్టదు. పైగా నా చేతిరాత బాగున్నదని నా కాగితాన్నే అన్నిటికన్నా పైన పెట్టి తమకు పంపినారు.

2. ఆటల పీరియడ్ లెక్కల సారుకు పోయినది. ఆటస్థలం మా ఊరి రైతు పెద్ద ఈరన్న గారి మిరపకాయలకు పోయినది. తీయమని అడగబోతే ఆయన, "ఆడుకునేకి మీకు ఊరంతా ఉండాది. కాయలు ఆరబోసుకునేకి నాకు యాడుండాదో సూపియ్యండి" అని మాకే పని పెట్టినారు. కిటికీ తెరిస్తే తరగతి మొత్తం తుమ్మును. ప్రస్తుతం మాకు కలుగుతున్న వ్యాయామం అదే.

3. మా తరగతిలో నిజంగా లావుగా ఉన్నది సాహితి. ఇది వెక్కిరింపు కాదు. "నా పేరు పెట్టు మే, లేకుంటే ఎవురూ నమ్మరు" అని తానే అన్నది. సాహితి మా బండి దగ్గర ఏనాడూ తినలేదు, వాళ్లింట్లో బజారు తిండి నిషేధము. వాళ్ల ఇల్లు బడి వెనక వీధిలోనే ఉన్నా రోజూ బైకు మీద తెచ్చి దించుతారు. "మనింటి పిల్ల నడ్సుకుంటా పోతే సూసేటోళ్లు ఏమనుకుంటారు?" అని వాళ్ల అవ్వ బాధ. కంచంలో అన్నం మిగిలితే ఆ అవ్వే, "ఎండిపోతాండావు గదే తల్లీ" అని కళ్లనీళ్లు పెట్టుకొని ఇంకో గరిటె నెయ్యి పోయును. అయ్యా, అవ్వ మీద తాము ఏ ఉత్తర్వు ఇవ్వగలరు?

4. అమ్మ బండి మీద పొద్దున అమ్మేది ఉగ్గాని. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టినది, పక్కన ఒక బజ్జీ. పత్తి తీసే కాలంలో ఇంట్లో పెద్దవాళ్లు చీకటితోనే చేలకు పోతారు, పిల్లలు ఏమీ తినకుండా బడికి వస్తారు. అటువంటి వాళ్లను అమ్మ పిలిచి, "తిని పో నాయనా, ఉత్త కడుపుతో లెక్కలు యాడెక్కుతాయి?" అని పెట్టి పంపును. ఇప్పుడు సోమవారంలోగా బండి తీయవలెనని గేటుకు కాగితం అంటించినారు. అమ్మకు చదువు రాదు, నేనే చదివి చెప్పినాను.

"ఎవురు రాసిచ్చినారంట మే?" అన్నది.

"పిల్లలంట" అన్నాను.

"ఏ పిల్లలు?" అన్నది.

నేను గేటు కాగితాన్నే మళ్లీ మొదటినుండి చదివినాను అయ్యా. నాకు నాయన లేడు. ఆ బండి పోతే మేమిద్దరం ఏం తిని బతకాలో కూడా ఎవరైనా బోర్డు మీద రాసిపెట్టండి, దించుకుంటాము.

కావున తాము దయయుంచి ఆటస్థలంలోని మిరపకాయలు తీయించి, ఆటల పీరియడ్‌ను ఆటలకే ఇప్పించి, మా అమ్మ బండిని ఉన్నచోటనే ఉండనివ్వవలెను. ఇది బోర్డు చూడకుండా రాసినది కాబట్టి తప్పులుండును. అవి నావేనని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
క్రిస్టినా

తా.క.: ఈ అర్జీ అమ్మకు చదివి వినిపించాను. మొదటి అంశం దగ్గర నా ముఖం చూసింది. నాకు ఏడుపొచ్చింది. అంతా విన్నాక ఒక్కటే చెప్పింది: "తనికీకొచ్చిన దినం ఆ సారు మన బండి కాడ్నుంచి తెప్పిచ్చుకోని తిన్నాడని మాత్రం రాయగాకు మే. మన చేతి తిండి తిన్నోళ్లను ఎత్తిపొడవగూడదు." అమ్మ మాట నేను కాదనలేను. అందువలన తాము హెడ్‌మాస్టరు గారి గదిలో ఉగ్గాని రెండో ప్లేటు కూడా తెప్పించుకొన్న సంగతిగాని, పోయేటప్పుడు జీపులోకి బజ్జీలు పొట్లం కట్టించుకొన్న సంగతిగాని ఈ అర్జీలో ఎక్కడా రాయలేదని మనవి.