పిట్టలకి నీళ్ళు మానేసిన చలికాలం

అక్కా,

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నువ్వు ఆశ్చర్యపోతావని తెలుసు. ఫోనులో నువ్వు "ఏమ్మా" అనగానే నాకు ఏడుపు తన్నుకొస్తుంది. చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. కాగితం ముందైతే ఏడ్చినా కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టొచ్చు.

విషయం ముందే చెప్పేస్తాను. నీళ్ళు గడ్డకట్టే ఈ కొండ ఊరి చలి తగ్గగానే మీ ఇంటికి వచ్చేస్తాను. చూసిపోవడానికి కాదు, ఉండిపోవడానికి. మీ మేడమీద గది ఖాళీగానే ఉందన్నావుగా. మీ ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణాలు లేకపోవు. అద్దాలు అమర్చడం, వంకరపోయిన ఫ్రేములు సరిచెయ్యడం చేతనైనదాన్ని, మీకు భారం కాను. బావగారి గురక గోడలు దాటి వస్తుందని తెలిసే వస్తున్నాను.

"నీ మొగుడు కొట్టాడా, తిట్టాడా?" అని అడుగుతావు. అదేమీ లేదు. అసలు ఏమీ లేకపోవడమే నా బాధ. మా పిల్ల బంక పోయి ఏడాది దాటింది. ఆ పేరు పెట్టింది నువ్వే కదా, వాళ్ళ నాన్నకి అతుక్కుంటే ఊడిరాదని. బస్సు డిపో నుంచి ఆయన నూనె మరకల బట్టలతో రావడం, అది ఎగిరి మీద పడడం, దాని గౌన్లన్నీ నల్లబడడం, నేను ఇద్దర్నీ కలిపి తిట్టడం. అదీ మా సాయంత్రం. అది పోయాక ఆయన మాటలు తగ్గించారు. తర్వాత అవసరమైనవే మాట్లాడారు. ఇప్పుడు అవీ లేవు. ఉప్పు కావాలంటే చెయ్యి చాపుతారు. నేను అందిస్తాను.

చలి మొదలయ్యాక ఇంటి వెనక తోటలో పిట్టలకి గింజలు పెట్టడం మొదలుపెట్టారు. డిపోలో పారేసిన పాత బస్సు సీటు చెక్కతో బల్ల చేశారు. ఇనుప వలతో గొట్టాల్లాంటివి చుట్టి, గింజలు నింపి కొమ్మలకి వేలాడగట్టారు. పొద్దున్నే లేచి, మట్టి పళ్ళెంలో గడ్డకట్టిన నీళ్ళని స్పానరుతో పగలగొట్టి, కెటిల్లోంచి గోరువెచ్చటి నీళ్ళు పోస్తారు. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తాను. ఆయన వాటితో మాట్లాడతారక్కా! "తోసుకోకండర్రా, అందరికీ ఉన్నాయి. నువ్వు నిన్న రాలేదేమే, పొట్టితోకా?" అంటారు. ఏడాదిగా నాకు దక్కని గొంతు అది. అద్దానికి ఇవతల నిలబడి, పిట్టలకి చెప్పే మాటలు నేను దొంగతనంగా వినాల్సి వస్తోంది. పిట్టల మీద అసూయపడే ఆడదాన్ని నువ్వెక్కడైనా చూశావా?

ఆయన నాతో ఎందుకు మాట్లాడరో నాకు తెలుసు. నీకెప్పుడూ చెప్పలేదు. ఆపరేషన్‌కి ముందు పిల్లకి గుక్కెడు నీళ్ళు కూడా పట్టించకూడదని, కడుపులో నీళ్ళుంటే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. జ్వరంతో దాని పెదాలు ఎండిపోయాయి. "అమ్మా, ఒక్క గుక్క. మింగనులే, నోట్లో పోసుకుని ఉమ్మేస్తాను" అంది. ఆయన గుమ్మంలో నీళ్ళ సీసా పట్టుకుని నిలబడ్డారు. నేనే "వద్దు" అన్నాను. "బయటికొచ్చాక గ్లాసు నిండా ఇస్తాను బంగారూ" అన్నాను. ఆయన నా వంక ఒక చూపు చూసి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. పిల్ల బయటికి రాలేదు. ఆ చూపు మాత్రం ఈ ఇంట్లో అలాగే ఉండిపోయింది. పిల్లని దాహంతో పంపించానని ఆయన నన్ను క్షమించలేదు. నోరు తెరిచి అనరు, అంతే. అననిదానికి నేనేం జవాబు చెప్పను?

గది కిటికీలు తెరిచి ఉంచు.

నీ నత్త

*

అక్కా,

నీ ఉత్తరం అందింది. "తొందరపడకు నత్తా, ఒకసారి మొహమ్మీదే అడిగేయ్" అని రాశావు. రాసినంత తేలిక కాదే. ఆయన "అవును, అందుకే" అంటే ఆ తర్వాత నేనెక్కడ నిలబడాలి? అడగకపోతే కనీసం అనుమానంతోనైనా బతకొచ్చు. ఏమైనా టికెట్టు కొనేశాను.

ఇక్కడ ఇంకో కష్టం వచ్చింది. మొన్న కిటికీలోంచి చూస్తే ఆకుపచ్చ రెక్కల పిట్ట ఒకటి బల్ల మీద ముడుచుకుని కూర్చుంది. ఈకలన్నీ ఉబ్బరించుకుని బంతిలా ఉంది. గింజ నోట కరుచుకోవడం, మింగలేక వదిలెయ్యడం. ఆయన దగ్గరికి వెళ్ళినా ఎగరలేదు. అరచేతిలోకి తీసుకుని డిపో కోటులో పెట్టుకున్నారు. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. మర్నాడు గులాబీ మొక్క కింద ఇంకోటి కనిపించింది. చలికేమోనని ఆయన గింజలు ఇంకా ఎక్కువ పోశారు, నీళ్ళు ఇంకా వెచ్చగా పెట్టారు. వచ్చేవి వస్తూనే ఉన్నాయి, రాలేవి రాలుతూనే ఉన్నాయి.

మా దుకాణానికి పశువుల డాక్టరమ్మ ఒకావిడ వస్తుంది. కళ్ళజోడు మీద కూర్చుని విరగ్గొట్టుకోవడం ఆవిడకి అలవాటు. ఫ్రేము అతికిస్తూ సంగతి చెప్పాను.

"గొంతు జబ్బమ్మా అది" అంది. "ఒకటి వదిలేసిన గింజ ఇంకోటి తింటుంది, ఒకే పళ్ళెంలో అన్నీ తాగుతాయి. అలా అంటుకుంటుంది. కొన్ని వారాలు అన్నీ ఆపెయ్యండి. గింజలే కాదు, నీళ్ళు కూడా."

"ఈ చలిలోనా? పాపం, ఎక్కడికి పోతాయి?"

"ఎక్కడివక్కడ చెదిరిపోయి వెతుక్కుంటాయి. గుంపుగా మీ దగ్గర చేరితేనే చస్తాయి."

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. చాలా రోజుల తర్వాత మా ఇంట్లో ఇద్దరి మధ్య నడిచిన మాట అదే. ఆయన తినే అన్నం పక్కకి నెట్టేశారు. "అంటే నేనే చంపానా?" అన్నారు. "మీకు తెలియదు కదా" అన్నాను. లేచి వెళ్ళి, ఆ చీకట్లోనే గింజలన్నీ ఊడ్చేశారు. బల్ల మీద మరిగే నీళ్ళు పోసి రుద్దారు. వల గొట్టాలన్నీ కొమ్మల మీంచి దించి సామాన్ల కొట్లో పడేశారు. పళ్ళెం దగ్గర మాత్రం ఆగిపోయారు.

"అది కూడానండీ" అన్నాను.

"నీళ్ళు తియ్యను."

"జబ్బు నీళ్ళలోనే ఎక్కువట. ఆవిడ నొక్కి మరీ చెప్పింది."

"చుట్టూ అంతా గడ్డకట్టుకుపోయి ఉంది. దాహమేస్తే ఏం తాగుతాయి? నీళ్ళు కాదనడం నా వల్ల కాదు."

ఆయన నా వంక చూడలేదు. చూడక్కర్లేదు, తగలాల్సిన చోట తగిలింది. ఏడాదిగా దాచుకున్నది చివరికి పిట్టల నెపం మీద బయటపడిందనుకున్నాను.

ఇవాళ పొద్దున కంచె పక్కన ఇంకో రెండు పడి ఉన్నాయి. ఆయన గొయ్యి తవ్వుతున్నారు. పళ్ళెంలో నీళ్ళ మీదినుంచి ఆవిరి లేస్తోంది. రేపు ఆయనకి సెలవు, నాకూ సెలవు. పళ్ళెం నేనే తీసేస్తాను. నాకు అలవాటైన పనే కదా.

నత్త

*

అక్కా,

స్టేషన్‌కి ఎవర్ని పంపాలని బావగారు ఫోను చేస్తే, ఉత్తరం రాస్తానని పెట్టేశాను. కోపమొచ్చిందేమో, నా తరపున నువ్వే సర్దిచెప్పు. ఫోనులో చెప్పే సంగతి కాదిది.

ఆ రోజు పొద్దున ఆయన కెటిల్ పొయ్యి మీద పెట్టేలోగా నేను తోటలోకి వెళ్ళాను. పళ్ళెం నేలకి అతుక్కుపోయింది. రెండు చేతులతో పట్టి లాగుతుంటే ఆయన చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చారు.

"ఆగు!"

"ఆగను. మీకు చేతకాదు, నాకు చేతనవును. కాదనడం నాకెంత బాగా వచ్చో మీకు తెలుసుగా."

అనేశానక్కా. ఏడాదిగా కూడబెట్టుకున్నది ఒక్క మాటలో వదిలేశాను. ఆయన మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి సామాన్ల కొట్టు చాటుకి వెళ్ళిపోయారు. ఆసుపత్రిలో వెళ్ళినట్టే. ఆ రోజు పిల్ల చెయ్యి వదల్లేక ఆయన వెనక వెళ్ళలేకపోయాను. ఇప్పుడు నా చేతిలో ఉన్నది మట్టి పళ్ళెం. దాన్ని పట్టుకునే వెళ్ళాను.

కొట్టు గోడకి నుదురు ఆనించి నిలబడ్డారు.

"ఒక్కటి అడుగుతాను" అన్నాను. "దానికి నీళ్ళివ్వనివ్వలేదనేనా, మీరు నాతో మాట్లాడనిది?"

ఆయన తిరిగి నన్ను వెర్రిగా చూశారు. "ఏమంటున్నావే నువ్వు?"

"ఆ రోజు గుమ్మంలోంచి మీరు నన్ను చూసిన చూపు..."

"నిన్ను చూడలేదు. దాన్ని చూశాను. సీసా మూత తీసేశాను. డాక్టరు చెప్పింది నేనూ విన్నాను. విని కూడా పట్టించబోయాను. నువ్వు వద్దనకపోతే పట్టించేసేవాణ్ణి. నువ్వు వద్దన్నాక అది నా వంక చూసింది. నాన్న ఇస్తాడులే అని. దానికి కాదని చెప్పలేక పారిపోయాను. దాని పక్కన నిలబడి నేనూ వద్దమ్మా అనాల్సింది. ఆ కష్టమంతా నీ ఒక్కదాని మీద పడేసి పోయాను. అది చివరగా చూసింది నా వీపు."

నేను పళ్ళెం కింద పెట్టాను.

"నీ మొహం చూస్తే అదే గుర్తొస్తుంది. నువ్వు చివరిదాకా దాని చెయ్యి పట్టుకున్నావు. నీతో ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?"

నాకు వెంటనే జాలి కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ముందు ఒళ్ళు మండిపోయింది. "ఈ ముక్క చెప్పడానికి ఏడాది కావలసి వచ్చిందా? నేనే పిల్లని చంపినట్టు ఏడాది పాటు తిన్న తిండి ఒంటబట్టక చచ్చానే! ఆ పిట్టలకి చెప్పిన మాటల్లో సగం నాకు చెప్తే మీ సొమ్మేం పోయేది?" అని అరిచాను. పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టింది. పక్కింటావిడ కిటికీ తెర తొలగించి చూసి, మళ్ళీ వేసేసుకుంది. ఆయన తల వంచుకుని, అన్నీ పడ్డారు. తిట్టి తిట్టి అలిసిపోయాక అక్కడే గోడవార కూలబడ్డాను. ఆయనా నా పక్కన కూర్చున్నారు. అప్పుడు ఏడ్చారక్కా. పిల్లని సాగనంపిన రోజు కూడా ఏడవని మనిషి. పెద్ద చప్పుడేమీ లేదు, బండి ఇంజను ఆగిపోయే ముందు కొట్టుకున్నట్టు భుజాలు కొట్టుకున్నాయి. నేనాయన తల నా ఒడిలోకి లాక్కున్నాను. ఓదార్చడానికి కాదు. నాకూ పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి.

తర్వాత ఆయనే లేచి నా పక్కనున్న పళ్ళెం తీసుకున్నారు. మరిగే నీళ్ళతో కడిగి, తుడిచి, కొట్లో బోర్లించి తలుపు వేశారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. పిట్టలు ఎప్పటి వేళకే వచ్చాయి. బల్ల మీద వాలి, ఉత్త చెక్కని పొడిచి చూశాయి. పళ్ళెం ఉండే చోట చుట్టూ గెంతాయి. పొట్టితోకది కంచె మీద కూర్చుని మా కిటికీ వైపే చూస్తూ అరిచింది. ఆయన లేవబోయారు, నేను చొక్కా పట్టుకున్నాను. కాసేపటికి నేను లేవబోయాను, ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఇలా చీకటి పడేదాకా ఒకరినొకరు ఆపుకున్నాం. కాదనడం ఇద్దరు కలిసి చేస్తే తేలికవుతుందనుకోకు. కాదు. కాని ఆ బరువు ఒక్కరే మోయక్కర్లేదు.

కొన్నాళ్ళకి రావడం మానేశాయి. తోటలో చచ్చిన పిట్టలు కనిపించడం కూడా ఆగిపోయింది. చెదిరిపోయినవి బతికాయో, వేరేచోట రాలిపోయాయో మాకు తెలియదు. ఆయన మాత్రం పొద్దున్నే లేచి కాసేపు ఖాళీ తోటలో నిలబడి లోపలికి వస్తారు. ఎండలు ముదిరి జబ్బు పోయాక మళ్ళీ పెట్టొచ్చని డాక్టరమ్మ అంది. అప్పటి సంగతి అప్పుడు.

ప్రయాణం దగ్గరపడ్డ రోజున నేను పెట్టె సర్దుతుంటే ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"వెళ్ళొద్దని అడగను. అడిగే హక్కు నాకు లేదు" అన్నారు. "కాని వెళ్ళేలోగా పిల్ల గురించి నాతో కొంచెం మాట్లాడు. అది నాకెంత తెలుసో నీకూ అంతే తెలుసు. నువ్వు వెళ్ళిపోతే దాని కబుర్లు ఇంకెవరితో చెప్పుకోను?"

పెట్టె అలాగే తెరిచి ఉంచి కూర్చున్నాను. కొంచెమన్నది చాలాసేపైంది. మర్నాడూ అయింది. టికెట్టు వెనక్కిచ్చేశాను. అంతా బాగైపోయిందని సంబరపడకు. ఆయన మీద కోపం ఇంకా అప్పుడప్పుడు పొంగుతుంది. ఏడాది పోగొట్టుకున్నాం, పోయినదానితో పాటు. అన్నం ముందు కూర్చుని ఇద్దరం ఏడుస్తున్నాం, కాని ఎదురెదురుగా కూర్చుని ఏడుస్తున్నాం.

నిన్న పెద్ద యుద్ధమే జరిగింది. బంకకి ముందు ఊడిన పాలపన్ను కుడిదా, ఎడమదా? ఎడమదని ఆయన, కుడిదని నేను. తన ఒళ్ళోనే ఊడిందంటారు. ఆ నెత్తురు తుడిచింది నేనని నేనంటాను. ఫొటోలన్నీ తిరగేశాం. ఆ రోజుల్లో అన్నిట్లోనూ నోరు మూసుకునే నవ్వింది దొంగ పిల్ల. అప్పుడు నువ్విక్కడే ఉన్నావు కదా? నీకు గుర్తుందేమో. ఉన్నదున్నట్టు రాయి, చెల్లెలినని నా వైపు మాట్లాడకు.

నీ ఉత్తరం వచ్చేదాకా ఇక్కడ గొడవ ఆగదు.

నీ నత్త