తాళంచెవులు నీ దగ్గరే ఉండనీ

గుంటూరు పక్క మిరప చేల నుంచి

అన్నకు చెల్లెలు ఈరమ్మ దండాలు పెట్టి రాసేది. నువ్వు, వదినె, పిల్లలు, అవ్వ అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నేనూ మా ఆయనా బాగానే ఉన్నాం, దిగులు పెట్టుకోవద్దు. అవ్వ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వుతావేమో. నువ్వు స్పీకరు పెట్టనిదే మాట్లాడవు, అదీ టీ అంగడి ముందర. ఈ సంగతి అంగడికి వినిపించేది కాదు. మన వీధి సుంకన్న జ్వరం వచ్చి పని మానుకుని ఊరికి వస్తుంటే అతని చేతికిచ్చి పంపుతున్నాను. శుక్రవారం లోపే నీకు అందాలి.

ఇక్కడ పొద్దున మంచు, మధ్యాహ్నం మాడు పగిలే ఎండ. కాయ బాగా పండింది, కోతకు వంగితే నడుము లేవదు. చేతుల మంట మజ్జిగలో ముంచినా తగ్గదు. పూటపూటా వరి అన్నమే. జొన్న రొట్టె తిని ఎన్నాళ్లయిందో. ఎవరైనా ఇటు వస్తుంటే వదినెను కాసింత వేరుశనగ బుడ్డల పొడి పంపమను. గుడారాల్లో చుట్టూ మన వాళ్లే ఉన్నా పొద్దుగూకితే ఊరే గుర్తొస్తుంది. అయినా బాగానే ఉన్నాం.

మొన్న నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి మాత్రం నాకు ముద్ద దిగడం లేదు. ఈ శుక్రవారం రచ్చకట్ట మీద పెద్దలు ఇంటింటి మాట అడుగుతారనీ, సర్పంచిని ఎప్పటిలాగే ఏకగ్రీవం చేయాలా, ఈసారి ఓట్లు పెట్టాలా తేలుస్తారనీ చెప్పావు. ఆ వెంటనే, "సుగ్గికి పోయినోళ్ల మాట గూడా పెద్దాయన మాటే అని సెప్పేస్తాలే" అన్నావు. నీ వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాకు నచ్చలేదన్నా.

కోతల కాలంలో సుగ్గి పనికి ఊరు విడిచేటప్పుడు ఇంటి తాళంచెవితో పాటు పంచాయితీలో చెప్పాల్సిన మాటను కూడా ఉండేవాళ్లకు అప్పజెప్పి రావడం మన తాతల నాటి వాడుక. మన వీధి వీధంతా నీకే అప్పజెప్పింది. బోరు ఎక్కడ వేయాలి, జాతర ఎప్పుడు చేయాలి అన్నంతవరకు ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ వాడుకలోనే సర్పంచి పదవి కూడా ప్రతిసారీ పెద్దాయన ఇంట్లోకే పోయింది. తప్పు నీ ఒక్కడిదీ కాదు, ఇన్నేళ్లూ మేమూ అడగలేదు.

నీ మాట గుడారాల్లో చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పగానే రచ్చ అయింది. ఓట్లు పెడితే అన్నదమ్ములు తలలు పగలగొట్టుకుంటారని, ఏకగ్రీవమే మేలని మా ఆయనే అన్నాడు. ఊరు ఒక్కమాట మీద ఉండాలంటే ఆ ఒక్కమాట మమ్మల్ని కూడా అడగాలి కదా అని ఆడవాళ్లు గొడవకు దిగారు. మన పక్కింటి నర్సవ్వ తెలుసు కదా, ఎప్పుడూ నోరెత్తని మనిషి. ఆమె తన వేలు చూపించి, "యెమ్మెల్యే ఓటుకు ఈ యేలికి సిరా పూసినారు. మా ఊరి ఓటుకు ఒక్కతూరి గూడా పూయలే. సచ్చేలోపల పూయించుకోవాల" అంది.

అంతలో ఎవరో, "యేమ్మే, మీ యన్న మా మాట గూడా కౌలుకిచ్చినాడా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మా అన్న అలాంటివాడు కాదని గట్టిగానే చెప్పాను. చెప్పానే గానీ నాకూ భయంగానే ఉంది.

నీ కష్టం నాకు తెలుసు. నువ్వు కౌలుకు చేసేది పెద్దాయన చేను. కాదంటే వచ్చే పంట కారుకు అది ఇంకొకరికి పోవచ్చు. మాది తాళం వేసిన ఇల్లు, నీది పొయ్యి వెలిగే ఇల్లు. దెబ్బ తగిలితే నీకే తగులుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది నీ బతుకు.

అందుకే నీ ఇంటి మాట నీ ఇష్టం. ఏకగ్రీవమే అన్నా నేను ఒక్క మాట అనను. మా ఇళ్ల మాట మాత్రం అందరం కలిసి వెనక్కి తీసుకుంటున్నాం. చివరికి మా ఆయన కూడా, "ఏకగ్రీవమే గానీ, ఆ మాట నేనే సెప్పుకుంటా" అన్నాడు. శుక్రవారానికి రావాలంటే కోత వదిలి కదలనివ్వరు. ఓట్లు పెడితే మాత్రం ఆ రోజుకు అందరం వస్తాం, మమ్మల్ని పనికి తెచ్చిన మేస్త్రీతో మాట్లాడుకున్నాం. నిన్ను అడిగినప్పుడు లేచి, "వాళ్ల మాట నా కాడ లేదు, వాళ్లనే అడగండి" అను. అంతే చాలు. ఊరుకుంటే మాత్రం చాలదు, నువ్వు ఊరుకుంటే మేమందరం ఒప్పుకున్నట్టే లెక్క.

ఇలా రాశానని కోపం తెచ్చుకోవద్దు. అవ్వకు నా తరఫున కాళ్లు మొక్కు. వదినెను అడిగానని చెప్పు, పిల్లలకు ముద్దులు. మేము బాగున్నాం, దిగులు పెట్టుకోవద్దు.

మాట వెనక్కి తీసుకుంటే తాళంచెవులు కూడా తీసుకుని ఇంకెవరికైనా ఇద్దామా అని నర్సవ్వను అడిగాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, "సెవులు వాని కాడే ఉండనీ మ్మే. ఇంకెవురిని నమ్ముతాం?" అంది.

నీ దీవెన కోరే చెల్లెలు
ఈరమ్మ